అతి వేగమైన కారు... అతి నెమ్మదైన ప్రయాణం!

స్విట్జర్లాండ్ అనగానే మన సినిమా అభిమానులకు ఏం గుర్తొస్తుంది? మంచుకొండ, పచ్చిక బయలు, మెడలో పెద్ద గంట కట్టిన ఆవు, ఆ ఆవుకి కాస్త దూరంలో పల్చటి చీరలో వణుకుతూ చిందులేసే హీరోయిన్! హీరోగారికి మాత్రం స్వెట్టరూ, మఫ్లరూ, చేతులకి గ్లవ్సూ అన్నీ ఉంటాయి. అదేం న్యాయమో!

లోజాన్‌లో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది కూడా నాకోసం అలాంటి ప్రోగ్రామే వేసి పెట్టాడు. ఏ కొండ మీద ఏ డ్యూయెట్ తీశారో వాడికి కంఠతా వచ్చు. నేను మాత్రం ఫ్రిబూర్ వెళ్దామన్నాను.

"ఫ్రిబూరా? అక్కడేముంది బావా? మనవాళ్ళెవరూ అక్కడ పాట తీసినట్టు లేదే!"

"ఓ ఫౌంటెన్ ఉందిరా."

"ఫౌంటెనా? దానికోసం ఇంత దూరం వచ్చారా? మన ఊళ్ళో పార్కులో లేదూ?"

"ఈ ఫౌంటెన్ వెనక ఓ మనిషి ఉన్నాడు. ఆ మనిషికి ఓ కారుండేది. ఆ కారు ఓ సినిమాలో వేషం వేసింది."

సినిమా అనేసరికి వాడు మరి మాట్లాడలేదు. టిక్కెట్లు కొన్నాడు.

లోజాన్ నుంచి ఫ్రిబూర్‌కి రైల్లో ముప్పావు గంట. బయల్దేరిన కాసేపటికి కుడివైపు కిటికీలో కింద నీలం సరస్సు, దానిమీదికి మెట్లు మెట్లుగా దిగిపోయే ద్రాక్షతోటలు. మావాడు ఫోటోలు తీసుకుంటున్నాడు. నేను కథ మొదలెట్టాను. ఆ కథ వినాలంటే, పాఠకులారా, ముందు మీరు నాతో ఫ్రాన్సు దాకా రావాలి. రెండు రోజుల కిందట నేను అక్కడే ఉన్నాను.

హీరో గెలవని సినిమా

పారిస్ నుంచి రైలెక్కితే గంటకాస్త అటూ ఇటూగా లె మాన్ వస్తుంది. పాతకోట గోడలు, పెద్ద చర్చి, రాళ్ళు పరిచిన ఇరుకు వీధులు... చూడముచ్చటైన ఊరు. కానీ ప్రపంచానికి ఆ పేరు తెలిసింది ఇరవై నాలుగు గంటల కార్ల పందెం వల్ల. 1923 నుంచీ జరుగుతోంది. ఈ సాయంత్రం మొదలెడితే రేపు సాయంత్రం దాకా ఆగకుండా నడపాలి. రాత్రి, వాన, మంచు... ఏదొచ్చినా సరే. డ్రైవర్లు మారతారు, కారు మారదు.

అక్కడ తమాషా ఏమిటంటే, ఆ పందెం జరిగే దోవలో చాలా భాగం మామూలు రోడ్డే! ఊనోదియేర్ అని ఆరు కిలోమీటర్ల నిటారు రోడ్డు ఒకటుంది. నేను వెళ్ళిన రోజున దానిమీద కూరగాయల వ్యాన్లు, పాలట్యాంకర్లు పోతున్నాయి. ఒకావిడ కుక్కపిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తాపీగా నడుపుకుంటూ పోతోంది. 1970లో ఇదే రోడ్డు మీద చీకట్లో, వానలో గంటకు 300 కిలోమీటర్లు దాటి దూసుకుపోయారు మనుషులు. ఆ వేగానికి కళ్ళెం వెయ్యడానికి 1990లో మధ్యలో రెండు చోట్ల మలుపులు పెట్టారు. అంతకుముందు ఆ కళ్ళెమూ లేదు.

ఆ 1970 పందేన్నే హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ సినిమాగా తీశాడు. పేరు 'లె మాన్'. విడుదల 1971లో. నేను దాన్ని కాలేజీ రోజుల్లో, ఓ స్నేహితుడి ఇంట్లో అరిగిపోయిన వీడియో క్యాసెట్‌లో చూశాను. సినిమా మొదలై చాలాసేపటిదాకా హీరో నోరు విప్పడు. మా స్నేహితులు "సౌండు పాడైందిరా" అంటూ టీవీ నెత్తిమీద కొట్టారు! పాటల్లేవు, కామెడీ లేదు, విలన్ లేడు. అన్నిటికంటే ఘోరం... ఆఖర్న హీరో గెలవడు. రెండో స్థానంలో వస్తాడు. మన దగ్గర అలా తీస్తే హాలు కుర్చీలు మిగులుతాయా?

అక్కడా మిగల్లేదు లెండి. బాక్సాఫీసు దగ్గర దెబ్బతింది. దర్శకుడు జాన్ స్టర్జెస్ మధ్యలోనే వెళ్ళిపోయాడు. లీ కాట్జిన్ వచ్చి పూర్తి చేశాడు. మెక్వీన్‌కి నిజం పందెంలో తానే పోటీ చెయ్యాలని కోరిక. జాకీ స్టూవర్ట్ జోడీగా పేరివ్వాలనుకున్నాడు కూడా. ఇన్సూరెన్సువాళ్ళు ససేమిరా అన్నారు. హీరోకేదన్నా అయితే డబ్బెవరిస్తారు?

అయినా పట్టు వదల్లేదు. తన కంపెనీ పోర్షే 908 కారుకి ముందూ వెనకా కెమెరాలు బిగించి, అసలు పందెంలోకే దింపాడు. హెర్బర్ట్ లింగె, జోనథన్ విలియమ్స్ అనే ఇద్దరు డ్రైవర్లు పందెం నడుపుతూనే షూటింగూ చేశారు. పెట్రోలు కోసం కాదు, ఫిల్ము రీళ్ళు మార్చడానికి ఆగేవాళ్ళు! అలా ఇరవై నాలుగు గంటలూ నడిపారు. తర్వాత నవంబరు దాకా నెలల తరబడి మిగతా షూటింగు జరిగింది. దానికి బోలెడు రేసుకార్లు అద్దెకు కావాలి. అదుగో, అక్కడ మన కథలోకి కారొచ్చింది.

ఇరవై అయిదు కార్లు, కొన్ని దోమలు

ఆ కారు పోర్షే 917. నంబరు 024.

1969లో పందేల నిబంధన ఎలా ఉండేదంటే, అయిదు లీటర్ల దాకా ఇంజను పెట్టుకోవచ్చు, కానీ అలాంటి కార్లు కనీసం పాతిక తయారుచేసి చూపించాలి. అంత పెట్టుబడి ఎవడు పెడతాడులే అనుకున్నారు. ఫెర్డినాండ్ పీయెక్ పెట్టాడు. అప్పటికాయన వయసు ముప్పై రెండేళ్ళు. 1969 ఏప్రిల్ 21న జర్మనీలో ఫ్యాక్టరీ ఆవరణలో పాతిక కార్లనీ వరసగా నిలబెట్టి, తనిఖీకొచ్చినవాళ్ళతో "మీ ఇష్టమొచ్చినది ఎక్కి నడిపి చూసుకోండి" అన్నాడు. వాళ్ళు వద్దన్నారు. తెలివైనవాళ్ళు!

ఎందుకంటే ఆ కారు ఎక్కడం అంటే మాటలు కాదు. హాన్స్ మెజ్గర్ గీసిన పన్నెండు సిలిండర్ల ఇంజను. చల్లబరచడానికి నీళ్ళు లేవు, నెత్తిన పెద్ద ఫ్యాను తిరుగుతుంది, అంతే. చట్రం అల్యూమినియం గొట్టాలది. ఆ గొట్టాల్లో గ్యాసు నింపి ఓ మీటరు పెట్టారు. మీటరు ముల్లు పడిపోయిందంటే ఎక్కడో అతుకు విరిగిందని గుర్తు! బరువు తగ్గించే పిచ్చిలో గేరు రాడ్డు చివర గుండుని కూడా బొమ్మ విమానాలకి వాడే బాల్సా చెక్కతో చేశారు. డ్రైవరు పాదాలు ముందు చక్రాల ఇరుసు కంటే ముందుకుంటాయి. అంటే గుద్దుకుంటే ముందు తగిలేది ఎవరికో చెప్పక్కర్లేదు.

దానికి తోడు వేగం పెరిగేకొద్దీ వెనకభాగం గాల్లో తేలిపోయి పాములా మెలికలు తిరిగేది. 1969 లె మాన్‌లో, మొదటి రౌండులోనే, సొంతంగా ఈ కారు కొనుక్కున్న జాన్ వుల్ఫ్ అనే ఇంగ్లీషాయన చనిపోయాడు.

ఆ జబ్బుకి మందు కనిపెట్టిందెవరో తెలుసా? దోమలు! ఆ ఏడాది అక్టోబరులో ఆస్ట్రియాలో పరీక్షిస్తున్నారు. జాన్ వయ్యర్ అనే ఇంగ్లీషాయన జట్టులో జాన్ హార్స్‌మన్ అనే ఇంజనీరు ఉండేవాడు. పరుగు ముగించి ఆగిన కారు చుట్టూ తిరుగుతూ చూస్తే ఒళ్ళంతా చచ్చిన దోమలు అంటుకుని ఉన్నాయి. వెనక రెక్కల మీద మాత్రం ఒక్కటీ లేదు. అంటే గాలి అసలు అక్కడ తగలడమే లేదన్నమాట! అప్పటికప్పుడు అల్యూమినియం రేకులు, స్క్రూలు, టేపు తెచ్చి తోకని పొట్టిగా, పైకి లేచేట్టు అతికించారు. బ్రయన్ రెడ్‌మన్ ఎక్కి నడిపి, ఇప్పుడిది కారయింది అన్నట్టుగా దిగాడు. అదే 917 'కె' రూపం. లేత నీలం, మధ్యలో నారింజ పట్టీ... గల్ఫ్ ఆయిల్ రంగులు. సినిమాలో మీరు చూసేది ఆ రూపాన్నే.

024 నంబరుది పందేల ఖాతాలో చాలా చిన్న పద్దు. 1970 ఏప్రిల్‌లో లె మాన్‌లో జరిగిన టెస్టు పరుగుల్లో రెడ్‌మన్, మోటార్ సైకిళ్ళ చాంపియన్ మైక్ హెయిల్‌వుడ్ దీన్ని నడిపారు. పెద్ద పందెం గెలిచిన కప్పు ఒక్కటీ దీని పేరున లేదు. దీని అన్నదమ్ములు మాత్రం దుమ్ము రేపాయి. ఆ జూన్‌లో లె మాన్ గెలిచింది ఎర్రరంగు 917. హాన్స్ హెర్మన్, రిచర్డ్ అట్‌వుడ్ నడిపారు. పోర్షేకి అక్కడ అదే మొట్టమొదటి పూర్తి విజయం. మన 024 పెద్ద హీరోల కుటుంబంలో పుట్టి ఒక్క హిట్టూ లేని కుర్రాడిలాంటిది అన్నమాట.

అప్పుడు దాన్నో మనిషి కొన్నాడు.

గుడ్డపీలికలు ఏరిన కుర్రాడు

రైలు ఫ్రిబూర్‌లో ఆగింది. దిగగానే మావాడు అడిగాడు: "ఆ మనిషిది ఈ ఊరేనా బావా?"

ఈ ఊరే. పేరు జో సిఫర్. 1936లో ఇక్కడే పుట్టాడు.

ఫ్రిబూర్ రెండంతస్తుల ఊరు. పైన స్టేషను, షాపులు, ఆఫీసులు. కింద లోయలో సారీన్ నది, దాని ఒడ్డున పాత ఊరు. పైఊళ్ళో ఫ్రెంచి ఎక్కువ, జర్మనూ వినిపిస్తుంది. పైనుంచి కిందికి దిగడానికి 1899 నాటి చిన్న తాళ్ళబండి ఒకటుంది. దానికి కరెంటు లేదు, ఇంజను లేదు. పైఊరి మురుగునీళ్ళు పై పెట్టె తొట్లో నింపుతారు. ఆ బరువుకి అది కిందికి దిగుతూ, తాడు అవతలి కొసన ఉన్న పెట్టెని పైకి లాగుతుంది! ఎక్కితే కాస్త వాసనొస్తుంది, కానీ మజాగా ఉంటుంది. మావాడు ముక్కు మూసుకుని ఎక్కాడు, రెండోసారి మాత్రం తనే ఎక్కుదామన్నాడు.

సిఫర్ ఇల్లు ఉన్నవాళ్ళిల్లు కాదు. చిన్నప్పుడు పాత గుడ్డపీలికలు, పాత సామాను ఏరి అమ్మేవాడు. ముందు మోటార్ సైకిళ్ళు నడిపాడు. 1959లో స్విట్జర్లాండ్ 350 సి.సి. చాంపియన్ అయ్యాడు. తర్వాత కార్లు. అన్నట్టు మీకు తెలియని తమాషా ఒకటుంది. 1955లో లె మాన్‌లో కారు జనం మీదికి ఎగిరిపడి ఎనభై మందికి పైగా చనిపోయిన తర్వాత, స్విట్జర్లాండ్ తన గడ్డమీద ట్రాక్ పందేలనే నిషేధించింది. అంటే ఈ కుర్రాడు సొంత దేశంలో అలాంటి పందెం ఒక్కటీ లేని రోజుల్లో పందెగాడయ్యాడన్నమాట!

1968లో ఇంగ్లండులో బ్రాండ్స్ హాచ్ అనే ట్రాక్ మీద బ్రిటిష్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. పెద్ద ఫ్యాక్టరీ జట్టులో కాదు, రాబ్ వాకర్ అనే ఆయన సొంత జట్టులో. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ పందెం గెలిచిన మొదటి స్విస్ అతనే. 917కి మొట్టమొదటి విజయం తెచ్చిపెట్టిందీ అతనే. 1969 ఆగస్టులో, ఆస్ట్రియాలో, కుర్ట్ ఆరెన్స్‌తో కలిసి. అంటే ఇంకా దోమలు రహస్యం చెప్పకముందే, ఆ మెలికలు తిరిగే రోజుల్లోనే!

1970 లె మాన్ పందెంలో సిఫర్, రెడ్‌మన్‌ల కారు నంబరు 20. అందరికంటే ముందున్నారు. రాత్రివేళ వెనకబడిన కార్లని దాటుతూ సిఫర్ ఒక్క గేరు తప్పాడు. ఇంజను పోయింది. ఒక్క క్షణం... అంతే!

ఇప్పుడు సినిమా గుర్తు చేసుకోండి. హీరో మైకేల్ డెలానీ కారు నంబరెంత? 20! అతను వేసుకున్న తెల్లసూటు ఎవరిది? సిఫర్ వేసుకునే తరహాది. ఛాతీమీద గడియారాల కంపెనీ బిళ్ళ కూడా సిఫర్ పెట్టుకునేదే. మన హీరోలకి డూపులుంటారు, డూపు హీరోలా తయారవుతాడు. ఇక్కడ హీరోయే అసలు మనిషిలా తయారయ్యాడు.

సిఫర్ అంతటితో ఆగలేదు. గుడ్డలమ్మిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఊళ్ళో కార్ల వ్యాపారం పెట్టాడు. 1970లో 024ని కొన్నాడు. కొని, మెక్వీన్ కంపెనీ సోలార్ ప్రొడక్షన్స్‌కి అద్దెకిచ్చాడు. ఒక్క పెద్ద పందెం గెలవని కారు అలా సినిమా తార అయింది. కొన్నిసార్లు కెమెరా ముందు పరిగెత్తింది, కొన్నిసార్లు కెమెరాని మోసింది.

ఆ షూటింగు ఆటకాదు. సెప్టెంబరులో మరో 917 నడుపుతూ డేవిడ్ పైపర్ అనే డ్రైవరు ప్రమాదంలో కుడికాలు మోకాలి కింద పోగొట్టుకున్నాడు. సినిమా టైటిల్స్‌లో ఆయనకి కృతజ్ఞతలు చెప్పారు. ఇంకోసారి చూసినప్పుడు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగండి. తెరమీద మనం ఈలవేసే వేగానికి ఎవరో ఒకరు బిల్లు కడతారు.

షూటింగు అయ్యాక 024 సిఫర్ దగ్గరికి తిరిగొచ్చింది.

ఆ రోజు రోడ్డు మీద

1971 ఆ జట్టుకి పాడు సంవత్సరం. సిఫర్‌తో పాటు గల్ఫ్ జట్టులో నడిపిన మెక్సికో వీరుడు పెడ్రో రోడ్రిగెజ్ జూలైలో జర్మనీలో చనిపోయాడు. ఆగస్టులో సిఫర్ ఆస్ట్రియన్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. అక్టోబరు 24న చాంపియన్‌షిప్పుకి సంబంధం లేని ఓ పందెంలో పాల్గొన్నాడు. ఎక్కడనుకున్నారు? బ్రాండ్స్ హాచ్‌లో! మూడేళ్ళ కిందట బ్రిటిష్ గ్రాండ్ ప్రీ గెలుపు ఇచ్చిన ట్రాక్ మీదే.

కారు గట్టుని కొట్టుకుని తిరగబడి అంటుకుంది. కాలు విరిగింది తప్ప ప్రాణం తీసేంత దెబ్బ కాదది. కానీ బయటికి రాలేకపోయాడు. దగ్గరున్న మంటలార్పే సీసాలు సరిగ్గా పని చెయ్యలేదు. పొగ ఊపిరి తీసేసింది. వయసు ముప్పై అయిదు.

తర్వాత నిబంధనలు మారాయి. రేసు కారులోనే మంటలార్పే ఏర్పాటు ఉండాలన్నారు, డ్రైవరు హెల్మెట్‌లోకి గొట్టంతో గాలి అందాలన్నారు. సిఫర్ తర్వాత ఎంతమంది ఇళ్ళకి క్షేమంగా చేరారో లెక్క కట్టలేం.

అతన్ని సొంత ఊరు తీసుకొచ్చారు. అప్పటికి ఫ్రిబూర్ జనాభాయే నలభై వేల లోపు. అంతిమయాత్రకి వచ్చినవాళ్ళు యాభై వేలంటారు. శవపేటిక బండికి ముందు... గల్ఫ్ రంగుల్లో ఆ 917. 024.

నేనూ మావాడూ ఆ వీధుల్లో నడిచాం. ట్రాక్ మీద 300 కిలోమీటర్లు దాటడానికి పుట్టిన యంత్రం అది. బాల్సా చెక్క గేరుగుండు దాకా ప్రతి గ్రామూ వేగం కోసం చెక్కినదే. నెమ్మదిగా పోవడం దానికి శిక్ష. అలాంటి కారు ఈ రాళ్ళు పరిచిన వీధుల్లో మనిషి నడక వేగంతో, యజమానికి ముందు దారి చూపిస్తున్నట్టు వెళ్ళింది. టోపీలు చేతబట్టుకుని నిలబడ్డ జనం మధ్య ఆ పన్నెండు సిలిండర్ల మోత ఎలా వినిపించి ఉంటుందో!

మావాడు ఫోను జేబులో పెట్టేశాడు. "గెలవకపోతేనేం బావా" అన్నాడు కాసేపాగి. "ఇంతకంటే పెద్ద పందెం ఏముంటుంది దానికి?"

నేను ఇన్నేళ్ళుగా చెప్పలేకపోయిన మాట వాడు ఒక్క ముక్కలో చెప్పేశాడు.

90 కోట్ల నిద్ర

ఇంతకీ ఆ కారేమైంది?

1978లో ఫ్రాన్సుకి చెందిన ఓ కార్ల సేకర్త కొన్నాడు. కొని దాచేశాడు. ఎక్కడుందో లోకానికి తెలియలేదు. ఇరవై ఏళ్ళకి పైగా ఒకప్పటి సినిమా తార అజ్ఞాతవాసం చేసింది. 2001లో పారిస్ దగ్గర ఓ గిడ్డంగిలో దుమ్ము కప్పుకుని బయటపడింది. తర్వాత స్విట్జర్లాండ్‌లోనే దాన్ని మళ్ళీ బాగుచేశారు. పుట్టింటికి కాకపోయినా అత్తింటికి చేరిందన్నమాట.

2017 ఆగస్టులో అమెరికాలో, కాలిఫోర్నియా తీరంలో, పెబుల్ బీచ్ వేలంలో అది కోటీ నలభై లక్షల ఎనభై వేల డాలర్లకి అమ్ముడుపోయింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో దాదాపు 90 కోట్లు! అప్పటికి వేలంలో ఏ పోర్షేకీ అంత ధర పలకలేదు. 1969లో కొత్త 917 ధర లక్షా నలభై వేల జర్మన్ మార్కులు, అంటే సుమారు 35 వేల డాలర్లు. నాలుగు వందల రెట్లు!

ఎందుకంత? పందేలు గెలిచిందా అంటే లేదు. లె మాన్ గెలిచిన కారు ఇది కాదు. సినిమాలో వేసింది, నిజమే. కానీ అదే సినిమాలో ఇంకా చాలా కార్లు వేశాయి. నాకు తోచింది చెబుతాను. పాత కారు కొనేవాడు ఇనుముని కొనడు. ఎవరి చేతులు ఆ స్టీరింగు పట్టుకున్నాయి, ఎవరికోసం అది రోడ్డెక్కింది అన్నది కొంటాడు. కాకపోతే ఆ కొన్నవాడికి దొరికేది కారే. అసలు సంగతి ఇంకా ఫ్రిబూర్‌లోనే ఉంది.

నీళ్ళు చిమ్మే స్నేహితుడు

స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో గ్రాండ్ ప్లాస్ అనే పచ్చిక మైదానం. అక్కడుంది మన ఫౌంటెన్.

పాలరాతి అప్సరస నీళ్ళకుండ వంచుతూ ఉంటుందని ఊహించుకోకండి. ఇది నల్లటి ఇనుప చక్రాలు, కడ్డీలు, గొట్టాలు కలిపి బిగించిన ఓ వింత యంత్రం. అటు ఊగుతుంది, ఇటు తిరుగుతుంది, ఓ గొట్టం ఆకాశంలోకి, ఇంకోటి పక్కకి, మరోటి దాని ఇష్టం వచ్చినట్టు నీళ్ళు చిమ్ముతుంది. ఓ క్రమం, పద్ధతి ఉన్నట్టే ఉండదు. చిన్నపిల్లలు కేరింతలు కొడుతూ తడుస్తున్నారు. రేసుకారు విప్పి పారేసిన షెడ్డు ఒక్కసారి ప్రాణం పోసుకుని హోలీ ఆడుతున్నట్టుంది.

చేసినవాడు జాఁ టింగెలీ. ఈ ఊళ్ళోనే 1925లో పుట్టిన శిల్పి. పాత ఇనుముతో కదిలే బొమ్మలు చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. కార్ల పందేలంటే ప్రాణం. సిఫర్ అంటే మరీ ప్రాణం, స్నేహితుడు. చనిపోయిన పదమూడేళ్ళకి, 1984లో, ఆ స్నేహితుడి పేరుమీద ఈ ఫౌంటెన్ కట్టాడు. 'జో సిఫర్ ఫౌంటెన్' అనే దాని పేరు.

మామూలుగా వీరుడు పోతే కంచు విగ్రహం పెడతారు. ఛాతీ విరుచుకుని, చెయ్యెత్తి, కాకులకి ఆసరాగా! టింగెలీ అలా చెయ్యలేదు. కదలకుండా నిలబడ్డ సిఫర్‌ని ఎవరు గుర్తుపడతారు? అందుకే కదిలేదాన్ని పెట్టాడు. ఇంకో సంగతి నాకు అక్కడ నిలబడ్డాకే తట్టింది. మంటల్లో పోయిన స్నేహితుడికి నీళ్ళతో గుర్తు కట్టాడు. ఆయన కావాలనే అలా చేశాడో లేదో గాని, ఆ నీటిచుక్కలు మొహాన పడుతుంటే నాకు మాత్రం అలాగే అనిపించింది.

కథ అక్కడితోనూ అయిపోలేదు. 1991లో టింగెలీ పోయాడు. ఆయన అంతిమయాత్రా ఈ ఫ్రిబూర్ వీధుల్లోనే. ఆ ఊరేగింపులో నడిచిందేమిటో తెలుసా? ఆయనే పాత ట్రాక్టరు మీద కట్టిన 'క్లామాక్' అనే బొమ్మ. గంటలు, డబ్బాలు, చక్రాలు టపటపా మోగిస్తూ, పొగ చిమ్ముతూ నడిచే అల్లరి యంత్రం! ఇరవై ఏళ్ళ కిందట స్నేహితుడి ముందు 917 నడిచిన ఊళ్ళోనే, ఇతని కోసం ఇతని బొమ్మ మోతెత్తిస్తూ కదిలింది. ఈ ఊరివాళ్ళు తమవాళ్ళని యంత్రాలతో సాగనంపడం ఎలాగో నేర్చుకున్నారు.

సాయంకాలం అయింది. మావాడి చొక్కా సగం తడిసిపోయింది, పిల్లలతో కలిసి తనూ ఓ పిల్లాడైపోయి. తిరుగు రైలుకి టైమవుతోంది.

"బావా, రేపు కొండలకి పోదామా? ఆ డ్యూయెట్ తీసిన చోటుకి?"

"పోదాం పద. అయితే రాత్రి ఇంటికెళ్ళగానే ముందు ఆ సినిమా పెట్టు."

"హీరో గెలవని సినిమానా?"

"అదే. హీరో గెలవడు. ఇరవై నంబరు కారు వచ్చినప్పుడు మాత్రం నువ్వు ఈల వెయ్యాలి."

వేశాడండీ. పక్కింటివాళ్ళు గోడ తట్టేదాకా వేశాడు!